కోనసీమ ఉక్కలో ఎడారి జంతువులకు చోటు కట్టాలంటే: ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న, పెట్టిన స్కెచ్‌లు అన్నీ చూశాను. బి.ఆర్క్ ఆఖరి సంవత్సరం థీసిస్ కోసం రాజోలు దగ్గర నాలుగెకరాల కొబ్బరితోటలో ఒక జూ విభాగం డిజైన్ చేస్తున్నారు, దూరదేశాల ఎడారి జంతువులను వాటి సొంత చోటును పోలిన చోటులో చూపించాలన్నది మీ ఆలోచన. మీర్‌క్యాట్లు, ఫెన్నెక్ నక్కలు, ఇసుక పిల్లులు, ఓరిక్స్ అనే పొడుగు కొమ్ముల ఎడారి జింకలు, ఒంటెలు, కొన్ని ఎడారి బల్లులు మీ జాబితాలో ఉన్నాయి. అడిగినవి మూడు: ఇసుక ఎంత మందం పోయాలి, ఏ మొక్కలు పెట్టాలి, వెనక గోడ మీద ఎడారి బొమ్మ వేయిస్తే సహజంగా ఉంటుందా అని. నేను పుట్టింది రావులపాలెం పక్కనే, జూలలో ఎన్‌క్లోజర్లు, అంటే జంతువులుండే ఆవరణలు కట్టించడం, కట్టాక వాటిని నడిపించడం నా వృత్తి. అందుకని ఈ నేల సంగతీ ఆ జంతువుల సంగతీ కలిపే చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు అడిగిన మూడూ ఆఖర్న తేల్చుకునేవండీ. మన డెల్టాలో ఎడారి కట్టాలంటే ముందు నీళ్ల సంగతి తేలాలి, ఆ తర్వాత గాలి సంగతి. ఈ రెండూ కుదరకపోతే ఇసుక ఎంత పోసినా అది జంతువు పాలిట శిక్షే.

సహారా అంతా ఇసుక దిబ్బలే అనుకుంటాం గానీ దిబ్బలున్నది అందులో నాలుగో వంతు మేరకే, మిగతాదంతా రాతినేల, గులకరాళ్లు, గట్టిపడిన మట్టి. అమెరికాలో సొనోరాన్ ఎడారికి ఏడాదిలో రెండుసార్లు వానలు పడతాయి, అక్కడి చెట్టూ చేమా చూస్తే మనవాళ్లెవరూ దాన్ని ఎడారి అనరు. నమీబ్ అయితే సముద్రాన్ని ఆనుకునే ఉంది, వాన లేదు గానీ పొగమంచు కమ్ముతుంది, అక్కడ ఒక రకం నల్ల పెంకుపురుగు దిబ్బ అంచున తల కిందికీ వెనక భాగం పైకీ పెట్టి నిలబడి, వీపు మీద పట్టిన మంచు బొట్లుగా జారి నోట్లోకి వచ్చేలా చేసుకుని తాగుతుంది. వీటన్నిటికీ కలిసే విషయం ఒక్కటే, పైనుంచి పడే నీటి కంటే గాలి లాక్కునే నీరు చాలా ఎక్కువ. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటిని మామూలుగా ఎడారి అంటారు. మన కోనసీమలో 1000 మిల్లీమీటర్లు దాటుతుంది, కిందనేమో కాలువల నీరు, ఊటనీరు, పక్కనే సముద్రం.

కాబట్టి మీ సైటులో జంతువుకి వేడితో పెద్ద పేచీ ఉండదు, ఉక్కతోనే పేచీ అంతా. రొప్పడం వల్ల గానీ చెమట వల్ల గానీ ఒళ్లు చల్లబడాలంటే తడి ఆవిరి కావాలి, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. పొడిగాలిలో 42 డిగ్రీలకి నీడన పడుకుని నెట్టుకొచ్చే జంతువు మన శ్రావణ మాసంలో 34 డిగ్రీలకే డీలా పడిపోగలదు. ఇది ఒక్కటే కాదు. ఓరిక్స్ గిట్టలు రాతినేల మీద మైళ్ల కొద్దీ నడిచి అరిగిపోవడానికి తగ్గట్టు పెరుగుతూనే ఉంటాయి, మెత్తటి తడినేల మీద అవి అరగవు, ముందుకి సాగి వంకర తిరుగుతాయి, చీలికలో బురద చేరి పుండు పడుతుంది. అప్పుడు మత్తిచ్చి పడుకోబెట్టి గిట్టలు కోయాలి, మత్తిచ్చిన ప్రతిసారీ ప్రాణానికి రిస్కే. ఇసుక పిల్లికి తేమ గాలిలో ముక్కు, గొంతు ఇన్‌ఫెక్షన్లు చాలా తొందరగా వస్తాయి, చల్లని దేశాల జూలలో కూడా దాన్ని బాగా పొడిగా ఉండే గదుల్లోనే పెడతారు. ఎండకి కాగిన రాయి మీద పడుకునే ముళ్లతోక బల్లులకి తేమలో ఊపిరితిత్తులు, చర్మం రెండూ పాడవుతాయి. ఒంటెకి మన దగ్గర ఇంకో గండం ఉంది, సర్రా అనే జబ్బు. జోరీగలు కుట్టి వ్యాపింపజేస్తాయి, వానాకాలంలో చిత్తడి నేలల దగ్గర జోరీగలకి లోటేముంటుంది చెప్పండి. పైగా ఒంటె పాదం మెత్తటి దిండు లాంటిది, తడి ఒండ్రుమట్టి మీద జారి కాళ్లు విరుచుకుంటుంది.

ఇక నేల సంగతి. మీ సెక్షన్‌లో, అంటే కట్టడాన్ని నిలువునా కోసి చూపే బొమ్మలో, జనానికీ జంతువులకీ మధ్య ఎండు కందకం గీశారు. బోను చువ్వలు తీసేసి కందకాల వెనక జంతువులను చూపించే పద్ధతికి పేరు తెచ్చింది కార్ల్ హాగెన్‌బెక్, 1907లో హాంబర్గ్ దగ్గర స్టెల్లింగెన్‌లో తెరిచిన జూతో. గొప్ప ఆలోచనే, కానీ అది రాజోలులో పనిచేయదు. వానాకాలంలో అక్కడ రెండు మూడడుగులు తవ్వితే ఊట వస్తుంది, ఆగస్టు కల్లా మీ కందకం నిండిపోతుంది, దోమలు, కప్పలు, కప్పల వెనకే పాములు. అందుకని తవ్వకండి, మెరక చేయండి. ఎన్‌క్లోజర్ మొత్తాన్ని చుట్టుపక్కల నేల కంటే ఒకటిన్నర, రెండు మీటర్లు పైకి లేపండి, జనం నడిచే దారి కిందనే ఉండనివ్వండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. జంతువు మనిషి కంటికి సమానంగానో కాస్త పైనో కనిపిస్తే జనం దాన్ని చూసే తీరే మారుతుందని, గుంటలో ఉన్న జంతువు మీదకి రాళ్లు, తొక్కలు విసరాలని చేతులు లేస్తాయని ఈ రంగంలో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. 1970లలో సియాటిల్ వుడ్‌ల్యాండ్ పార్క్ జూలో డేవిడ్ హాన్‌కాక్స్, జాన్ కో, జోన్స్ అండ్ జోన్స్ సంస్థ కలిసి చేసిన పనిలో ఈ సూత్రం బాగా వాడారు, దాన్ని మీ థీసిస్‌లో తప్పకుండా చదివి రాయండి.

మెరక ఎలాగంటే, అడుగున గ్రావెల్ పోసి రోలర్ తొక్కించి, ఒక వైపుకి వాలు ఇవ్వాలి. దాని మీద 40 ఎంఎం కంకర, దాని మీద చిన్న కంకర, ఆ పైన నీటిని వదిలి ఇసుకని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ గుడ్డ మీద ఇసుక. గుడ్డ మానేస్తే రెండు వానాకాలాల్లో ఇసుకంతా కంకరలోకి దిగి డ్రైనేజీ మూసుకుపోతుంది. వాలు చివర నీరు చేరే సంప్, సంప్‌లో ఒకటి కాదు రెండు పంపులు. ఎన్‌క్లోజర్‌లో సగానికి పైగా కప్పు కింద ఉండాలి, కప్పు మీద పడిన నీరు ఇసుక మీదకి ఒక్క చుక్క రాకుండా గట్టర్లతో బయటికి పోవాలి.

ఇసుక ఎక్కడిదన్నది చాలామంది పట్టించుకోరు. అంతర్వేది వైపు సముద్రపు ఇసుక దగ్గరే కదా అనిపిస్తుంది, అందులో ఉప్పుంటుంది, మెష్‌నీ (తీగ వలనీ) ఇనుప చువ్వలనీ తినేస్తుంది. రాయిని పొడిచేసి తీసే రోబో శాండ్ గరుకు, దుమ్ము ఎక్కువ, జంతువుల కళ్లకీ ఊపిరికీ మంచిది కాదు. గోదావరి ర్యాంపు ఇసుకే జల్లించి, కడిగి వాడుకోండి, కానీ అదొక్కటే చాలదు, ఎందుకో మీర్‌క్యాట్‌ని చూస్తే తెలుస్తుంది.

మీర్‌క్యాట్ మన పొలం గట్ల మీద పరిగెత్తే ముంగిసకి చుట్టమే, కుటుంబం ఒకటే, సొంత ఊరు ఆఫ్రికా దక్షిణాన కలహారి వైపు. బరువు కిలో కూడా ఉండదు. పొద్దున్నే ఒక్కొక్కటిగా కన్నంలోంచి తల బయట పెడతాయి, ఆకాశం చూస్తాయి, బయటికొచ్చి రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి పొట్ట ఎండకి పెడతాయి. పొట్ట మీద వెంట్రుకలు పల్చగా ఉండి కింద చర్మం నల్లగా కనిపిస్తుంది, రాత్రి చల్లబడిన ఒళ్లు ఆ నల్ల చర్మంతో తొందరగా వేడెక్కుతుంది. తర్వాత తవ్వకం మొదలు. ముందుకాళ్ల గోళ్లు పొడుగ్గా వంపు తిరిగి ఉంటాయి, ఇసుక చెవుల్లో పడకుండా చెవులు మూసుకోగలవు, ముక్కు నేలకి ఆనించి వాసన పట్టి, నాలుగైదు గీకుళ్లలో తలంతా గుంటలో పెట్టేసి పురుగునో తేలునో లాగుతాయి. ఒకటి మాత్రం ఎత్తు మీద నిలబడి కాపలా కాస్తుంది. ఇది రోజంతా చేసే పని, దానికి బతుకంటే ఇదే. ఈ పని చేసుకోవడానికి వీల్లేని చోట మీర్‌క్యాట్‌ని పెడితే కంచె వెంట అటూ ఇటూ అదే దారిలో తిరుగుతూ ఉంటుంది, జనం అది ఆడుకుంటోందని అనుకుంటారు.

కడిగిన గోదావరి ఇసుక తడిగా ఉన్నంతసేపు సొరంగాన్ని నిలబెడుతుంది, ఆరగానే కూలిపోతుంది. కలహారి నేలలో ఇసుకతో పాటు గట్టిపడిన పొరలుంటాయి, సొరంగాలు వాటిలో నిలుస్తాయి. మనం రాజానగరం, గోకవరం వైపు మెట్ట ప్రాంతపు ఎర్రమట్టి కలుపుకోవాలి. పాళ్లు నేను చెప్పను, మట్టిని బట్టి మారుతుంది. నాలుగు డబ్బాల్లో నాలుగు పాళ్లు కలిపి, తడిపి, దిమ్మిస కొట్టి, చెయ్యి దూరేంత కన్నం తవ్వి ఆరనివ్వండి, ఏది నిలుస్తుందో కళ్ల ముందే తెలుస్తుంది. ఎర్రమట్టి పెరిగేకొద్దీ నీరు ఇంకడం తగ్గుతుంది, అందుకే ఈ మిశ్రమం కప్పు కింద, ఒట్టి ఇసుక ఎండ పడే చోట. ఇసుక మందం ఎంత అన్న మీ ప్రశ్నకి జవాబు ఇదే: తవ్వే జంతువులకి మీటరుంబావు నుంచి మీటరున్నర, అడుగున రంధ్రాలున్న కాంక్రీటు, పక్క గోడలు ఆ లోతు దాకా. బల్లులకి అడుగు, అడుగున్నర చాలు. కీపర్ మూత తీసి చూడగలిగేలా రెండు మూడు రెడీమేడ్ బొరియలు గీయండి, పిల్లలు పుట్టినప్పుడు, జబ్బు చేసినప్పుడు అవే దిక్కు.

బొరియ విషయంలో ఎక్కువమందికి తట్టని సంగతి ఇంకోటుంది. నేలలో లోతుకి వెళ్లేకొద్దీ పగలూ రాత్రీ తేడా పోయి, ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకి దగ్గరగా స్థిరపడుతుంది. కలహారిలో ఆ సగటు సుమారు 20 డిగ్రీలు, మన డెల్టాలో సుమారు 28. అంటే అక్కడ బొరియ జంతువుకి ఏసీ గది, ఇక్కడ కాదు. మే నెల రాత్రుళ్లు మనకి బయటా చల్లబడదు. ఎడారిలో పొద్దుగూకగానే వేడి ఆకాశంలోకి పోయి పది పదిహేను డిగ్రీలు, అంతకు మించి కూడా దిగుతుంది, జంతువు ఒంట్లో పగలు దాచుకున్న వేడిని రాత్రి వదిలేస్తుంది. మన దగ్గర వదలడానికి చోటే లేదు. అందుకని బొరియల అడుగున కాంక్రీటులో చల్లనీళ్ల పైపులు తిప్పండి. అదే పైపుల్ని జనం నిలబడే గాజు కిటికీ పక్కన ఉన్న రాతి కిందికి కూడా తిప్పండి. చలి దేశాల జూలలో రాయి లోపల హీటర్ పెడతారు, జంతువు వెచ్చదనం కోసం తనంతట తనే వచ్చి గాజు దగ్గర పడుకుంటుంది. మనకి అదే తిరగేసి చేయాలి. దాన్ని కర్రతో అదిలించి ముందుకు తేవక్కర్లేదు, తన సుఖం కోసం తనే వస్తుంది.

పిల్లుల గురించి ఒక మాట. ఊరి పిల్లి మెత్తని ఇసుక చూస్తే మలవిసర్జనకి అక్కడికే వస్తుంది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, మనకి పెద్దగా తెలియకుండానే పోయే ఆ జబ్బు మీర్‌క్యాట్లని చంపేస్తుంది, జూలలో గుంపులకు గుంపులు దీనితో పోయిన సందర్భాలున్నాయి. మీరు గీసిన నాలుగడుగుల గోడ పిల్లికి లెక్కే కాదు. పైన కూడా మెష్ ఉండాలి. గద్దలు, కాకుల బెడదా దానితోనే తీరుతుంది. కొబ్బరితోట కాబట్టి మెష్ మీద కాయ పడితే ఏమవుతుందో కూడా లెక్క వేసుకోండి, ఎన్‌క్లోజర్ చుట్టూ ఒక చెట్టు ఎత్తున్నంత దూరం ఖాళీ వదలడం మేలు.

ఇప్పుడు గాలి. మీరు రిఫరెన్స్‌గా పెట్టిన డెసర్ట్ డోమ్ అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా జూలోది, 2002లో తెరిచారు. 137 అడుగుల ఎత్తు, ఒకే కప్పు కింద నమీబ్, ఆస్ట్రేలియా ఎర్ర ఎడారి, సొనోరాన్ మూడూ ఉన్నాయి, నమీబ్ భాగంలో 30 అడుగుల ఎర్ర ఇసుక దిబ్బ. అద్భుతమైన కట్టడం, నాకూ ఇష్టం. కానీ అది దేన్ని ఎదుర్కోవడానికి కట్టారో చూడండి: మంచు కురిసే చలికాలం. పారదర్శకమైన అక్రిలిక్ పలకల్లోంచి ఎండ లోపలికి రావాలి, వేడి లోపల నిలవాలి, బయటి చలిగాలిని వేడి చేస్తే అది తనంతట తనే పొడిగా మారుతుంది. మన దగ్గర అదే గుండ్రటి డోమ్ కడితే ఎండంతా లోపల బంధించినట్టవుతుంది, బయటి నుంచి తెచ్చుకునే ప్రతి గాలీ తడిదే. కాపీ చేయాల్సింది ఆకారాన్ని కాదు, వాళ్లు తమ ఊరి వాతావరణాన్ని బట్టి లెక్క వేసుకున్న తీరుని. మీకు మందమైన గోడలు, వేడి దిగని కప్పు, ఎండ కావాల్సిన చోట మాత్రమే పైన కిటికీలు ఉన్న కట్టడం కావాలి.

లోపలి తేమ తగ్గించడానికి మామూలు ఎయిర్ కూలర్ అసలు పనికిరాదు, అది గాలికి తేమ కలిపే యంత్రం. గాలిని బాగా చల్లబరిచి నీటిని పిండేసి, మళ్లీ కాస్త వేడిచేసి వదలాలి, లేదా సిలికా జెల్ చక్రంతో గాలిలో తేమ పీల్చే డీహ్యూమిడిఫయర్ పెట్టాలి. రెండింటికీ కరెంటు బాగా అవుతుంది, అందుకే గది ఎంత చిన్నదైతే అంత మంచిది. జనం వచ్చే దారికి రెండు తలుపులు, మధ్యలో చిన్న గది ఉండాలి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. సంక్రాంతి మూడు రోజులూ వచ్చే జనం ఊపిరితోనే లోపలి తేమ పెరిగిపోతుంది, కాబట్టి జనం నిలబడే భాగం, జంతువు ఉండే భాగం గాలులు వేరుగా ఉండాలి. బల్లులకి గదిలో తేమ 30, 40 శాతం దగ్గర ఉంచాలి. అలాగని మూలమూలా ఎండబెట్టేయకండి. ఎడారి బల్లి పగలు ఎండలో ఉన్నా, రాత్రి బొరియలోకి వెళ్తే అక్కడి గాలి బయటి కంటే తేమగా ఉంటుంది, ఒంట్లో నీరు కాపాడుకునేది అలాగే. ఒక మూల తేమగా ఉన్న బొరియ లేకపోతే కుబుసం సరిగ్గా ఊడదు, వేళ్లకి చుట్టుకుని వేళ్లు పోతాయి. ఒకే గదిలో ఒక చివర 45 డిగ్రీలు దాటే రాయి, ఇంకో చివర 28 డిగ్రీల నీడ, మధ్యలో అన్ని మెట్లూ ఉండాలి. ఎక్కడ ఉండాలో జంతువే ఎంచుకోవాలి.

వెలుతురు గురించి త్వరగా చెప్పేస్తాను. మామూలు గాజు ఎండలో ఉన్న యూవీ-బి కిరణాలను ఆపేస్తుంది, అవి లేకపోతే బల్లులకి డి విటమిన్ అందక ఎముకలు మెత్తబడతాయి. ప్రత్యేకమైన లైట్లు పెట్టాలి, అవి వెలుగుతున్నట్టే కనిపించినా కొన్ని నెలలకి యూవీ తగ్గిపోతుంది, మీటరుతో చూసి మార్చాలి. ఫెన్నెక్ నక్క రాత్రి తిరిగేది, ఆ అరచేయంత చెవులతో ఇసుక కింద పురుగు కదలిక వింటుంది. దాన్ని పగలు చూపించాలంటే రాత్రీ పగలూ తిరగేసి, పగలు మసక వెలుతురు, రాత్రి లైట్లు పెట్టాలి. చప్పుడు దానికి నరకం. తీర్థాల మైకులు, దీపావళి టపాసులు గుర్తుపెట్టుకుని గోడ మందం నిర్ణయించండి.

మొక్కల దగ్గర మీ స్కెచ్‌లో సరిదిద్దాల్సినవి ఉన్నాయి. ఒంటె పక్కన పెద్ద చేతుల కాక్టస్ గీశారు. ఆ సగ్వారో కాక్టస్ సొనోరాన్‌ది, దాని తొలి చెయ్యి రావడానికే 50, 75 ఏళ్లు పడుతుంది, ఆఫ్రికాలో గానీ అరేబియాలో గానీ అది పుట్టదు. ఆఫ్రికాలో కాక్టస్‌లా కనిపించేవి యుఫోర్బియాలు, గిల్లితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, జంతువుకి అందేలా పెట్టకండి. ఏ జంతువుకి ఆ ఊరి చెట్టే పెట్టడం అలంకారం కోసం కాదు, చూసే పిల్లలకి అబద్ధం చెప్పకూడదు కాబట్టి. కడియం నర్సరీలకి వెళ్లి, ఈ ఉక్కలో కాక్టస్ కుళ్లకుండా ఎలా బతికిస్తున్నారో అక్కడ పనిచేసే వాళ్లని అడగండి, ఏ పుస్తకంలోనూ దొరకనంత సమాచారం దొరుకుతుంది. ఇంకో సంగతి, థార్ ఎడారిలో మనుషులకీ పశువులకీ ఆధారమైన చెట్టు ఖేజ్రీ, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. అది మరేదో కాదు, దసరాకి మనం పూజ చేసే జమ్మిచెట్టే. మీ ఎడారి గుమ్మంలో ఒక జమ్మి నాటండి, వచ్చిన వాళ్లకి చెప్పడానికి అంతకంటే మంచి మొదలు లేదు.

వెనక గోడ మీద బొమ్మ వద్దు. తేమకి ఏడాదిలో నాచు పట్టి పెచ్చులూడుతుంది, జంతువుకి దానితో పనేమీ లేదు. ఆ డబ్బు రాతిపని మీద పెట్టండి. అరిజోనాలో టూసన్ దగ్గర 1952లో మొదలైన సొనోరా డెసర్ట్ మ్యూజియం వాళ్లు నిజమైన కొండరాళ్ల మీద రబ్బరు పూసి అచ్చులు తీసి, అదే పగుళ్లతో సిమెంటు రాళ్లు పోశారు, చూస్తే తేడా తెలియదు. అదే రకం రాయి, అదే రంగు నేల జనం నడిచే దారిలోకీ రావాలి, అప్పుడు జంతువు ఉన్న చోటికే తామొచ్చామని అనిపిస్తుంది. రాజోలులో మీకు అసలు కష్టం ఎటు చూసినా గోడ పైనుంచి కొబ్బరి మొవ్వులు కనిపించడం. దారిని కిందనే ఉంచి, రెండు పక్కలా మట్టిదిబ్బలు లేపి, చూపు జంతువు దగ్గరే ఆగేలా మలుపులు తిప్పండి. సిమెంటు రాయి మే నెల ఎండలో పాదాలు కాల్చేస్తుంది, దాని మీద నీడ ఎన్ని గంటలు పడుతుందో నెలనెలకీ సన్ పాత్ (సూర్యుడు ఆకాశంలో కదిలే దారి) గీసి చూపించండి, మీ జ్యూరీ కూడా మెచ్చుకుంటుంది.

ఇక జంతువుల జాబితా. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఓరిక్స్, ఒంటె, ఇసుక పిల్లి మూడూ తీసేయండి. ఓరిక్స్ అంటే నాకు ఎంతో గౌరవం. అరేబియా ఓరిక్స్ 1972లో అడవిలో పూర్తిగా అంతరించింది, అప్పటికే ఫీనిక్స్ జూ లాంటి చోట్ల పెంచుతున్న మందల వల్లే 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ వదలగలిగారు. కత్తికొమ్ముల ఓరిక్స్‌ని అలాగే 2016 నుంచి చాద్ దేశంలో వదులుతున్నారు. జూలు చేయగలిగిన గొప్ప పని అంటే ఇదే. కానీ ఆ పని పొడి వాతావరణం, పెద్ద గట్టినేల ఉన్న చోట జరగాలి, మన చిత్తడిలో నాలుగు జంతువులను గిట్టల పుండ్లతో పెంచితే ఆ జాతికి ఒరిగేదేమీ ఉండదు. మీర్‌క్యాట్ల గుంపు ఒకటి, లోపలి గదిలో బల్లులు, తేళ్లు, ఆ నమీబ్ పెంకుపురుగులు, వీలైతే ఫెన్నెక్ జంట, అంతవరకు న్యాయం చేయగలరు. పురుగుల్ని చిన్నచూపు చూడకండి. మంచు తాగే పురుగుని భూతద్దం పెట్టి దగ్గరగా చూపిస్తే ఒంటె కంటే ఎక్కువసేపు నిలబడతారు పిల్లలు.

మీర్‌క్యాట్ల గుంపులోకి బయటిదాన్ని తెచ్చి కలపడం చాలా కష్టం, చంపేస్తాయి. అందుకే జంతువులను విడిగా ఉంచే హోల్డింగ్ గదులు ఒకటి కాకుండా మూడైనా ఉండాలి, మీ ప్లాన్‌లో ఒక్కటే ఉంది. స్విట్జర్లాండ్‌లో జూ శాస్త్రానికి పునాది వేసిన హైనీ హెడిగర్ ఎప్పుడో చెప్పాడు, చోటు ఎంత ఉందన్న దానికంటే ఆ చోటులో ఏముందన్నదే జంతువుకి ముఖ్యమని, తప్పించుకుని దాక్కునే దూరం దానికి ఉండాలని. గాజుకి నాలుగు వైపులా జనం నిలబడేలా గీశారు, రెండు వైపులు మూసేయండి.

మీరు థీసిస్ తర్వాత దీన్ని ఒక రిసార్ట్ వాళ్లకి చూపిస్తానన్నారు కాబట్టి చెబుతున్నాను, మన దేశంలో సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా జూ నడపకూడదు, 1972 వన్యప్రాణి చట్టంలో 1991 సవరణతో వచ్చిన నిబంధన ఇది. 2022 సవరణ తర్వాత ఫెన్నెక్ లాంటి విదేశీ జంతువులు దగ్గరున్నా రిజిస్టర్ చేయాల్సిందే. రిసార్ట్‌లో ఫొటోల కోసం బోనులో పెట్టుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే మొదట్లోనే వద్దని చెప్పండి.

తుపాను సంగతి మీ రిపోర్టులో ఒక్క పేరాలో కూడా లేదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో తోటలకి తోటలే నేలకొరిగాయి, పెద్ద తుపాను వచ్చిందంటే రోజుల తరబడి కరెంటు ఉండదు. మీ డీహ్యూమిడిఫయర్, చల్లనీళ్ల పైపులు, సంప్ పంపులు అన్నీ కరెంటు మీదే బతుకుతున్నాయి. జనరేటరు ఎన్‌క్లోజర్ కంటే ఎత్తున ఉండాలి, వారానికి సరిపడా డీజిల్ ఉండాలి, అది కూడా ఆగిపోతే జంతువులన్నీ చేరుకోగలిగే ఒక గట్టి స్లాబు గది ఉండాలి, గాలి తనంతట తనే ఆడేలా. కీపర్లు ఆ నాలుగు రోజులూ అక్కడే ఉండాలి కాబట్టి వాళ్లకి పడుకునే చోటు, వంటగది కూడా గీయండి. వీలైతే సైటునే మెట్టకి, రాజానగరం వైపు మార్చమని మీ గైడ్‌ని అడగండి, సగం సమస్యలు పోతాయి. మార్చడం కుదరదంటే రాజోలులోనే చేయండి, కానీ ప్లాన్ కంటే ముందు సెక్షన్ గీయండి: ఊటమట్టం, మెరక, కంకర పొరలు, బొరియ, పైపులు, కప్పు, గట్టరు అన్నీ లెవెల్స్‌తో సహా. అది ఇక్కడ పెట్టండి, నీరు ఎటు పోతుందో చూసి చెబుతాను.